తిప్పి పంపడంలో పనితనం

జాంగోలో ఒక విలువ ఫలానా హద్దు దాటకూడదని చెప్పే క్లాసు పట్టుమని పది వరుసలు ఉండదు. దాని పేరు మ్యాక్స్‌వాల్యూవ్యాలిడేటర్. అందులో ఉన్నవి మూడే: హద్దు దాటితే చూపాల్సిన సందేశం, ఆ తప్పుకు ఒక పొట్టి గుర్తింపు పేరు, ‘ఇది దానికంటే పెద్దదా’ అని అడిగే ఒక పోలిక. అక్షరాల సంఖ్యకు హద్దు పెట్టే క్లాసూ అదే ఫైలులో ఉంటుంది. పోలిక అదే. పోల్చే ముందు విలువను దాని పొడవుగా మార్చే మెథడ్ ఒక్కటే అదనం. పోలికను ఎప్పుడు నడపాలి, తప్పని తేలితే ఏం చేయాలి, సందేశంలో ఏ అంకెలు నింపాలి అన్న మిగతా భారమంతా ఈ రెంటికీ మూలమైన బేస్‌వ్యాలిడేటర్ మోస్తుంది. ఆ మూల క్లాసులో ఇంకో చిన్న ఏర్పాటు ఉంది. హద్దుగా ఒక విలువను ఇవ్వొచ్చు, లేదా అడిగినప్పుడు ఆ విలువను లెక్కగట్టి ఇచ్చే ఫంక్షన్‌ను ఇవ్వొచ్చు. ‘పుట్టిన తేదీ ఈరోజు దాటకూడదు’ అని నియమం రాస్తున్నామనుకోండి. ఆ ‘ఈరోజు’ సర్వర్ మొదలైన రోజు దగ్గరే గడ్డకట్టుకుపోతే, నెల తర్వాత పుట్టిన బిడ్డకు దరఖాస్తు పెట్టడం కుదరదు. ఫంక్షన్ ఇస్తే పరీక్ష జరిగిన ప్రతిసారీ ఆనాటి తేదీయే వస్తుంది.

జాంగో పైథాన్ భాషలో రాసిన వెబ్ ఫ్రేమ్‌వర్క్. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ ఊరి దినపత్రిక ‘లారెన్స్ జర్నల్-వరల్డ్’లో పనిచేస్తూ ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో దీనికి పునాది వేశారు. 2005 జులైలో ఓపెన్ సోర్స్‌గా బయటికి వచ్చింది. పేరు గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌ది. ఫారమ్‌లను పరీక్షించే మొదటి ఏర్పాటును అప్పట్లో మానిప్యులేటర్లు అనేవాళ్లు. అది కుదురుగా లేదని తెలిశాక అతుకులు వేస్తూ కూర్చోలేదు. 2007లో వచ్చిన 0.96లో ‘న్యూఫారమ్స్’ పేరుతో కొత్తది పక్కన పెట్టి, 2008లో 1.0 వచ్చేసరికి పాతదాన్ని తీసేసి కొత్తదానికే ‘ఫారమ్స్’ అని పేరు పెట్టారు. 2010లో 1.2తో వ్యాలిడేటర్లు విడి ముక్కలుగా రూపు కట్టాయి. ఈరోజు మనం వాడే అమరిక అప్పటిదే.

సాఫ్ట్‌వేర్ గొప్పతనం గురించి మాట్లాడేటప్పుడు అది ఎంత వేగంగా పనిచేస్తుంది, ఎంతమందిని తట్టుకుంటుంది అన్నవే ముందుకొస్తాయి. జాంగో ఫారమ్‌లలో నన్ను కట్టిపడేసింది మాత్రం అది ‘కుదరదు’ అని చెప్పే పద్ధతి. ఏ దశలో కాదనాలి, ఏ కారణం చూపాలి, కాదన్నాక మనిషి టైపు చేసిన మాటలను ఏం చేయాలి అన్న మూడు ప్రశ్నలకూ ఆ కోడ్ ఎంతో ఆలోచించి సమాధానం చెబుతుంది.

బ్రౌజర్ నుంచి సర్వర్‌కు వచ్చేదంతా అక్షరాల దండే. వయసు అన్న గడిలో 35 అని కొట్టినా వచ్చేది మూడు, ఐదు అనే రెండు అక్షరాలు. టిక్ పెట్టని పెట్టె నుంచైతే అసలేమీ రాదు. కాబట్టి జాంగోలో ప్రతి ఫీల్డూ మొదట చేసే పని పరీక్ష కాదు, మార్పిడి. ఆ మెథడ్‌కు టు పైథాన్ అని పేరు. అంకెల ఫీల్డయితే అక్షరాలను సంఖ్యగా, తేదీ ఫీల్డయితే తేదీగా మారుస్తుంది. ఈ దశలోని దయ చూడండి. పూర్ణసంఖ్య అడిగిన చోట ఎవరైనా 5.0 అని కొడితే తిప్పి పంపదు. చివరి చుక్కను, సున్నాలను తీసేసి 5గా తీసుకుంటుంది. మామూలు అక్షరాల ఫీల్డయితే మొదట్లో, చివర్లో పడ్డ ఖాళీలను కత్తిరిస్తుంది. ఈ కత్తిరింపు 2015 డిసెంబరులో వచ్చిన 1.9 నుంచి డిఫాల్ట్‌గా జరుగుతోంది. ఈ మార్పిడిలో మనకో చిన్న కానుక ఉంది. పైథాన్‌కు తెలుగు అంకెలు తెలుసు కాబట్టి, సర్వర్‌కు ౧౨ అని చేరితే పూర్ణసంఖ్యల ఫీల్డ్ దాన్ని 12గానే తీసుకుంటుంది. జాంగో రాసినవాళ్లు మనల్ని తలచుకుని రాసింది కాదది. మార్పిడి పనిని తాము అరకొరగా రాయకుండా పైథాన్‌కే వదిలేసినందువల్ల వచ్చిన ఫలం.

రెండో మెట్టు వ్యాలిడేట్. విలువ ఉండి తీరాలా, అక్కర్లేదా అన్నది ఇక్కడ తేలుతుంది. ఎంపికల జాబితా ఉన్న ఫీల్డయితే, వచ్చింది ఆ జాబితాలోనిదేనా అన్నదీ ఇక్కడే. తెరమీద ఐదే ఎంపికలు కనిపిస్తాయి, ఆరోది ఎలా వస్తుందని అనుకోకూడదు. బ్రౌజర్‌ను పక్కన పెట్టి సర్వర్‌కు ఏదైనా పంపొచ్చు. మూడో మెట్టులో వ్యాలిడేటర్లు వరసగా నడుస్తాయి. ఈ క్రమం మార్చి చూస్తే దాని విలువ తెలుస్తుంది. మార్పిడి జరగకముందే హద్దు చూస్తే అక్షరాలను సంఖ్యతో పోల్చాల్సి వస్తుంది. ఖాళీగా వదిలేసిన గడికి వ్యాలిడేటర్లను నడిపితే, ఐచ్ఛికమైన ఫోన్ నంబర్ ఇవ్వనివాళ్లకు ‘పది అంకెలు లేవు’ అన్న మందలింపు వెళుతుంది. అందుకే ఖాళీ విలువ కనబడగానే మూడో మెట్టు నిశ్శబ్దంగా తప్పుకుంటుంది. ఖాళీ తప్పా కాదా అన్నది రెండో మెట్టు ముందే తేల్చేసింది కదా. ఏ మెట్టూ పక్కమెట్టు పనిలో చేయి పెట్టదు.

మూడో మెట్టులో ఒక ఫీల్డుకు ఐదు వ్యాలిడేటర్లుంటే ఐదూ నడుస్తాయి. మొదటిది కాదనగానే ఆగిపోవు. కాదన్నవాటి కారణాలన్నీ ఒక జాబితాలో చేరతాయి. ఫారమ్ మొత్తానికీ అంతే, ఒక ఫీల్డు తప్పయినంత మాత్రాన తర్వాతివాటి పరీక్ష ఆగదు. కౌంటర్‌లో గుమాస్తా ఈరోజు రేషన్ కార్డు జిరాక్స్ లేదని పంపేసి, రేపు తెస్తే ఫొటో లేదని, ఎల్లుండి తెస్తే సంతకం లేదని తిప్పడం మనందరికీ అనుభవమే. లోపాలన్నీ మొదటిరోజే ఒక చీటీమీద రాసిచ్చే గుమాస్తా ఎలా ఉంటాడో జాంగో ఫారమ్ అలా ఉంటుంది. ప్రోగ్రామర్‌కు సులువైన దారి మొదటి తప్పు దగ్గర ఆగిపోవడమే. అన్నిటినీ పోగుచేయాలంటే ప్రతి తప్పునూ పట్టుకుని, దాచి, చివర్లో కలిపి చెప్పే కోడ్ అదనంగా రాయాలి. ఆ శ్రమను ఫ్రేమ్‌వర్కే ఒక్కసారి భరించింది కాబట్టి దాన్ని వాడేవాళ్లెవరూ మళ్లీ పడనక్కర్లేదు.

పరీక్ష నెగ్గిన విలువలు క్లీన్డ్ డేటా అనే సంచిలోకి వెళతాయి. ఓడిన విలువ అందులోకి చేరదు. ఒకవేళ ముందు చేరి, తర్వాత దానిమీద తప్పు నమోదైతే అందులోంచి తీసేస్తారు. అంటే ఆ సంచిలో ఉన్నదేదైనా నిర్భయంగా వాడుకోవచ్చన్న హామీ ఎక్కడా సడలదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ తడబడతారు. ఫారమ్ మొత్తాన్ని కలిపి చూసే క్లీన్ మెథడ్‌లో తమ ఫీల్డు కనిపించక కంగారు పడతారు. ఆ మెథడ్ తప్పులున్నా నడుస్తుంది కాబట్టి, ‘ఉంటే ఇవ్వు’ అని అడగడం అలవాటు చేసుకోవాలి. ఆ హామీకి ఈ తడబాటు తగిన ఖరీదేనని నా అభిప్రాయం. తప్పు విలువ ఒకటి మంచివాటి పక్కన కూర్చుని ఉండటం కంటే లేకపోవడం మేలు.

మరి ఓడిన విలువ ఏమవుతుంది? అది మనిషి టైపు చేసిన రూపంలోనే తిరిగి తెరమీదికి వస్తుంది. పది గడులు నింపి ఒకచోట తప్పు చేస్తే తొమ్మిదింటినీ మళ్లీ కొట్టించదు, తప్పినదాన్నీ తుడిచేయదు. ఏం రాశామో కనబడితేనే కదా ఎక్కడ పొరబడ్డామో తెలిసేది. దీనికి మినహాయింపు పాస్‌వర్డ్ గడి. తిరిగి చూపించే పేజీలో పాస్‌వర్డ్‌ను పెట్టరు. అలాగే డిసేబుల్ చేసిన ఫీల్డు విషయంలో బ్రౌజర్ ఏం పంపినా దాన్ని చూడనైనా చూడదు, తన దగ్గరున్న పాత విలువనే తీసుకుంటుంది. కొత్త ఫైలు జతచేసి, అదే సమయంలో ‘ఉన్న ఫైలు తీసేయి’ అన్న పెట్టెలోనూ టిక్ పెడితే, ఏదో ఒకటి ఊహించి చేసెయ్యదు. రెంటిలో ఏది కావాలో చెప్పమంటుంది. ఊహించకుండా అడగడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పోయిన ఫైలు తిరిగిరాదు.

తప్పు సందేశం తయారీ మీద పెట్టిన శ్రద్ధ వేరే చెప్పుకోవాలి. వ్యాలిడేషన్‌ఎర్రర్‌కు మూడు భాగాలు: చదివేవాళ్ల కోసం వాక్యం, ప్రోగ్రాముల కోసం కోడ్, వాక్యంలో నింపడానికి విలువలు. మూడింటినీ కలిపి ఒకే వాక్యంగా ముందే అతికించేయకపోవడం వల్ల లాభం ఏమిటంటే, వాక్యాన్ని ఎవరైనా మార్చుకోవచ్చు. ఫీల్డు తనకంటూ ఒక సందేశాల పట్టిక పెట్టుకుంటే, వ్యాలిడేటర్ ఇచ్చిన కోడ్ ఆ పట్టికలో ఉందేమో చూసి, ఉంటే ఫీల్డు వాక్యాన్నే వాడతారు. నింపాల్సిన చోట్లకు వరస సంఖ్యలు కాక పేర్లుంటాయి. అందుకని ఇంగ్లీషులో వాక్యం చివర వచ్చే అంకెను తెలుగులో ముందుకు తెచ్చుకోవచ్చు, కోడ్ ముట్టుకోనక్కర్లేదు. జాంగో భాషల జాబితాలో తెలుగు ఉంది. ఉన్న సందేశాలు మీ సైటుకు నప్పకపోతే పట్టికలో మీ మాట రాసుకుంటే చాలు.

ఇప్పుడొక చిరునామా ఫారమ్ తీసుకుని నియమాలు అమర్చి చూద్దాం. పేరు, మొబైల్ నంబర్, రాష్ట్రం, పిన్‌కోడ్. పిన్‌కోడ్‌ను సంఖ్యగా కాక అక్షరాలుగానే ఉంచాలి, దాన్ని ఎవరూ కూడరు, తీసేయరు. ఆరు అంకెలుండాలి, మొదటిది సున్నా కాకూడదు. ఇందుకు విలువను అక్షరాల నమూనాతో (రెజెక్స్‌తో) పోల్చే రెజెక్స్‌వ్యాలిడేటర్ ఉంది. అది నమూనాను విలువలో ఎక్కడైనా వెతుకుతుంది కాబట్టి మొదలు, చివర గుర్తులు మనమే పెట్టాలి. పెట్టకపోతే ముందూ వెనకా చెత్త తగిలించిన పిన్ కూడా దర్జాగా లోపలికి వస్తుంది. అంకె అన్న సంకేతం బదులు సున్నా నుంచి తొమ్మిది అని విప్పి రాయడం మంచిది. ఎందుకంటే ఆ సంకేతానికి తెలుగు, దేవనాగరి అంకెలూ సరిపోతాయి. ఇక్కడ విలువ అక్షరాలుగానే నిలిచిపోతుంది కాబట్టి కొరియర్ వాళ్ల సాఫ్ట్‌వేర్ దగ్గర అవి చిక్కు తెస్తాయి.

ఇంతవరకు ఒక్కో ఫీల్డు సంగతి. రాష్ట్రానికీ పిన్‌కూ పొంతన చూడాలనుకుంటే అది ఫారమ్ స్థాయి క్లీన్ మెథడ్ పని. తెలంగాణ పిన్‌లు 50తో, ఆంధ్రప్రదేశ్ పిన్‌లు 51, 52, 53తో మొదలవుతాయని మనకు తెలుసు, నియమం రాసేయొచ్చనిపిస్తుంది. రాస్తే ఏమవుతుంది? 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం మండలాల పిన్‌లు 507తో మొదలవుతాయి. అక్కడివాళ్లు తమ రాష్ట్రం సరిగ్గా ఎంచుకున్నా ఫారమ్ ఒప్పుకోదు. మరోవైపు యానాం పిన్ 533464. అది ఉన్నది పుదుచ్చేరిలో. తపాలా శాఖ 1972 ఆగస్టు 15న ఈ విధానం మొదలుపెట్టింది ఉత్తరాల బట్వాడా కోసం. రాష్ట్రాల సరిహద్దుల్ని రుజువు చేయడం దాని పని కాదు. ఇలాంటి నియమాన్ని అడ్డుగోడగా పెట్టకూడదు. జాంగో గీసిన గీతలు ఇక్కడ అక్కరకొస్తాయి. ఆరు అంకెలన్నది వ్యాలిడేటర్‌గా గట్టిగా ఉంచి, రాష్ట్రంతో పొంతనను క్లీన్‌లోంచి తీసేసి, పేజీలో ‘ఒకసారి సరిచూసుకోండి’ అన్న సూచనగా మార్చుకోవచ్చు. రాష్ట్రం నియమం అంకెల నియమంతో ముడిపడి లేదు కాబట్టి తీసేసినా ఏదీ కూలదు.

ఇంత శ్రద్ధగా రాసిన కోడ్‌లోనూ తప్పులు దొరికాయి. వాటిని దిద్దిన తీరులో పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. రెజెక్స్‌లో ముగింపుకు డాలర్ గుర్తు పెట్టడం దాదాపు అందరి అలవాటు. పైథాన్‌లో ఆ గుర్తు విలువ చివరికే కాదు, చివర ఉన్న కొత్త వరుస గుర్తుకు ముందు కూడా సరిపోతుంది. అంటే ఈమెయిల్ చిరునామా చివర ఎంటర్ నొక్కినట్టుండే కనిపించని అక్షరం ఒకటి ఉన్నా అది సరైన చిరునామాగానే చెల్లుతుంది. అలాంటి విలువను ఎవరైనా ఈమెయిల్ హెడర్‌లోనో వెబ్ హెడర్‌లోనో పెడితే, దాడి చేసేవాళ్లు తమ సొంత వరుసను చొప్పించడానికి దారి దొరుకుతుంది. 2015 జులైలో విడుదలైన 1.8.3లో ఈమెయిల్, యూఆర్‌ఎల్ లాంటి వ్యాలిడేటర్లలో డాలర్ తీసేసి, అసలు చివరకు మాత్రమే సరిపోయే బ్యాక్‌స్లాష్ జెడ్ పెట్టారు. నమూనాకు ఒక గుర్తు మార్పు. జాంగో సొంత మెయిల్ కోడ్ కొత్త వరుసలను అప్పటికే తిరస్కరిస్తూ ఉంది కాబట్టి జాంగోకు నేరుగా ముప్పు లేదు. అయినా తన విలువలు తన గడప దాటాక ఎక్కడ వాడతారో ఆలోచించి దిద్దారు. ఈ వ్యాసంలో ఒక్క వాక్యాన్నే గుర్తుపెట్టుకోవాలనుకునే ప్రోగ్రామర్ ఉంటే, ఆ బ్యాక్‌స్లాష్ జెడ్ గురించిన వాక్యం గుర్తుపెట్టుకోమంటాను.

ఇంకో రకం తప్పు కాలానికి సంబంధించింది. నమూనా జటిలమైతే, కొన్ని కొంటె విలువలకు అది ‘అవును’ ‘కాదు’ తేల్చుకోలేక ప్రాసెసర్‌ను తినేస్తూ తిరుగుతుంది. కాదని చెప్పడానికే సర్వర్ కూలబడుతుందన్నమాట. 2009లో ఈమెయిల్, యూఆర్‌ఎల్ ఫీల్డుల్లో ఇది బయటపడితే నమూనాలు సరిచేశారు. 2023 జులైలో చుక్కలతో విడదీసిన ముక్కలు లెక్కలేనన్ని ఉన్న చిరునామాలతో మళ్లీ అదే తలెత్తింది. ఈసారి మందు నమూనాలో కాదు, దాని గుమ్మం దగ్గర పెట్టారు: ఈమెయిల్ 320 అక్షరాలు, యూఆర్‌ఎల్ 2048 అక్షరాలు దాటితే నమూనా దాకా వెళ్లనివ్వరు. ఖరీదైన పరీక్షకు ముందు చవకైన పరీక్ష.

పాస్‌వర్డ్ నియమాల అమరిక సెట్టింగ్స్ ఫైలులో ఉంటుంది. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టగానే నాలుగు వ్యాలిడేటర్ల జాబితా అందులో రాసి ఉంటుంది. పాస్‌వర్డ్ మీ పేరుకో ఈమెయిల్‌కో మరీ దగ్గరగా ఉందా, ఎనిమిది అక్షరాలకు తక్కువా, అందరూ వాడే 20,000 పాస్‌వర్డ్‌ల జాబితాలో ఉందా, అన్నీ అంకెలేనా. ఇవి వ్యాలిడేటర్లే గానీ ఒక మెథడ్ అదనంగా ఉంటుంది, తన నియమాన్ని ముందే వివరించే సహాయ వాక్యం ఇచ్చేది. గడి నింపకముందే షరతులన్నీ దాని కింద కనిపిస్తాయి. పెద్దక్షరం ఒకటి, గుర్తు ఒకటి ఉండి తీరాలన్న నియమం ఈ నాలుగింటిలో లేకపోవడం నాకెంతో నచ్చిన విషయం. అలాంటి నియమం పెడితే జనం చివర ఒక ఆశ్చర్యార్థకం తగిలించి ఊరుకుంటారు. జనం ఎక్కువగా వాడే పాస్‌వర్డ్‌లను జాబితా పట్టి ఆపడంలో వాళ్ల అలవాట్ల ఎరుక ఉంది.

ఒక చోట మాత్రం నాకు అసంతృప్తి. ఫారమ్ ద్వారా కాకుండా కోడ్‌లోంచి నేరుగా మోడల్‌ను సేవ్ చేస్తే వ్యాలిడేటర్లు నడవవు. మోడల్‌ను పరీక్షించే ఫుల్ క్లీన్ మెథడ్‌ను మనమే పిలవాలి. పాత ప్రోగ్రాములు విరగకూడదని ఆ నిర్ణయం తీసుకున్నారు, కారణం అర్థమవుతుంది. కానీ రాత్రిపూట ఎక్సెల్ షీటు నుంచి వేల వరుసలు ఎక్కించే స్క్రిప్టు ఇన్ని మెట్లనూ పక్కదారిన దాటేస్తుందంటే మనసు ఒప్పుకోదు. తప్పనిసరి నియమాలను డేటాబేస్‌లో కన్‌స్ట్రెయింట్లుగా కూడా పెట్టుకోవాలి. 4.1 వచ్చాక వాటినీ మోడల్ పరీక్షలో కలిపారు కాబట్టి ఫారమ్‌లోనూ అదే తప్పు చక్కటి సందేశంగా కనిపిస్తుంది.

మన భాష దగ్గరికొస్తే యూజర్‌నేమ్ నియమాన్ని తిరగరాయక తప్పదు. 1.10 నుంచి పైథాన్ 3 మీద జాంగో యూజర్‌నేమ్‌లో యూనికోడ్ అక్షరాలను ఒప్పుకుంటోంది. తెలుగు కూడా అందులో భాగమే అనుకుంటాం. ఆ వ్యాలిడేటర్ ‘పదంలో రాదగిన అక్షరం’ అన్న పైథాన్ సంకేతం మీద ఆధారపడింది. ఆ సంకేతానికి అచ్చులు, హల్లులు, అంకెలు తెలుసు. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న తెలియవు. కాబట్టి కమల, ఉమ, రమ నిక్షేపంగా ఖాతా తెరుస్తారు. సీత, గంగ, రాముడు తెరవలేరు. శీర్షికల నుంచి యూఆర్‌ఎల్ ముక్కలు తయారుచేసే స్లగిఫై ఫంక్షన్‌దీ ఇదే జబ్బు. యూనికోడ్ అనుమతించమని చెప్పినా, ‘తెలుగు’ అని ఇస్తే ‘తలగ’ అని తిరిగి ఇస్తుంది. పొడవు లెక్కలోనూ జాగ్రత్త కావాలి. ‘స్త్రీ’ మన కంటికి ఒక అక్షరం, వ్యాలిడేటర్‌కు ఆరు. 30 అక్షరాల హద్దు ఇంగ్లీషు పేరుకు విశాలం, తెలుగులో ఇంటిపేరుతో కలిపి రాసే పేరుకు ఇరుకు. తెలుగు పేర్లు అడిగే గడికి హద్దును రెండింతలైనా చేయాలి.

దిద్దుబాటు చిన్నదే. యూనికోడ్‌యూజర్‌నేమ్‌వ్యాలిడేటర్‌ను ఆధారంగా తీసుకుని కొత్త క్లాసు రాసి, నమూనాలో యూనికోడ్ తెలుగుకు కేటాయించిన 128 స్థానాల వరుసను చేర్చి, సందేశాన్ని తెలుగులో రాసి, మన యూజర్ మోడల్‌లోని యూజర్‌నేమ్ ఫీల్డుకు వ్యాలిడేటర్‌గా దాన్ని నిలపాలి. పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా టైపు చేసే కనిపించని విడదీత గుర్తు ఆ వరుసలో లేదు. యూజర్‌నేమ్‌కు దాన్ని చేర్చకండి. చేరిస్తే కంటికి ఒకేలా కనిపించే రెండు పేర్లతో రెండు ఖాతాలు పుడతాయి. జాంగో యూజర్‌నేమ్‌లకు చేసే యూనికోడ్ సర్దుబాటు కూడా ఆ గుర్తును తీసేయదు. తెరమీద చూపించే పూర్తి పేరు గడిలో మాత్రం దాన్ని అనుమతించాలి. అక్కడ ఎవరి పేరు వాళ్లు రాసుకున్నట్టే కనబడాలి.